ఎండీగారికి పర్యావరణం మీద నిజంగా పట్టింపు ఉందా, ఫొటోల వరకేనా? ఎలా కనిపెట్టాలి?

చిత్తూరు_కుర్రాడు:
చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు వైపు ఒక కంపెనీలో ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) ఉద్యోగానికి పిలిచారు. వెబ్‌సైటు నిండా ఎండీగారు మొక్కలు నాటుతున్న ఫొటోలే. ఇప్పుడున్న చోటా ఫొటోలకి కొదవ లేదు, ఆడిట్ ఉందంటేనే ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు) మోటార్లు తిరుగుతాయి. నిజంగా శ్రద్ధ ఉన్న యజమానులు ఎలా ఉంటారో దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి. సూక్తులు వద్దు, ప్లీజ్.

అంబత్తూరు_ప్లేటింగ్:
తమ్ముడూ, మాది ఇనుప సామానుకి జింకు పూత వేసే చిన్న ప్లేటింగ్ షాపు. మా ఓనరు పదో తరగతి దాటలేదు. సస్టైనబిలిటీ అన్న మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. కానీ షాపులోకి వస్తే ముందు చూసేది డ్రిప్పింగే. బాత్‌లోంచి, అంటే రసాయనం తొట్టిలోంచి, సామాను తగిలించిన ర్యాకు పైకి లేపాక పది పదిహేను సెకన్లు అక్కడే ఆపితే రసాయనం తిరిగి బాత్‌లోకే కారుతుంది. పీస్‌రేటు మీద పనిచేసేవాళ్లు అంతసేపు ఆగరు, లేపీ లేపగానే కడిగే నీళ్లుండే రిన్సు ట్యాంకులో ముంచేస్తారు. అప్పుడా రసాయనమంతా రిన్సు నీళ్లతో ఈటీపీకి పోయి, స్లడ్జ్ (బురద) అయి, చివరికి గుమ్మిడిపూండిలో ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే ల్యాండ్‌ఫిల్‌కి చేరుతుంది. డబ్బు పెట్టి కొన్నదాన్నే మళ్లీ డబ్బు కట్టి పారబోయడమన్నమాట. మా ఓనరు బోర్డు రాయించి ఊరుకోలేదు. పీస్‌రేటు తీసేసి రోజుకూలీ పెట్టాడు. తొందరపడితేనే నాలుగు డబ్బులొచ్చే పద్ధతి ఉన్నంతకాలం ఎన్ని బోర్డులు పెట్టినా దండగే కదా.

ఇంకోటి, రిన్సు ట్యాంకులు మూడుంటే కొత్తనీళ్లు ఆఖరి దాంట్లోకే వదిలి, అక్కణ్ణుంచి వెనక్కి మొదటి దాంట్లోకి పారేలా పైపు వేయించాడు. నీళ్ల ట్యాంకర్ల ఖర్చు బాగా తగ్గింది.

ఓరగడం_పర్చేజ్:
లాభం ఉన్నచోట ఎవరైనా చేస్తారండీ. చేతి చమురు వదిలేచోట చూడాలి. నేను ముందు పనిచేసిన కంపెనీలో పొద్దున గ్రీన్ సప్లై చెయిన్ మీద గంట ఉపన్యాసం, మధ్యాహ్నానికి వెండర్లందరికీ రేటు తగ్గించమని మెయిల్. చెప్పేవి శ్రీరంగనీతులు అన్నట్టు. ఆ రేటుకి వెండర్ ఏం చేస్తాడు? రాత్రిపూట ఈటీపీ కట్టేస్తాడు. ఇప్పటి మా వీపీ వేరు. విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమ్ మానేసి, అంత హాని లేని ట్రైవాలెంట్‌కి మారమని వెండర్లని అడిగినప్పుడు, పెరిగిన ఖర్చుని రేటులో కలుపుకోనిచ్చాడు. ఆ నెల ఫైనాన్స్‌వాళ్లతో ఆయన పడ్డ గొడవ నా కళ్లారా చూశాను.

సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి బీఆర్ఎస్ఆర్ (పర్యావరణం, సామాజిక బాధ్యతల మీద) నివేదిక తప్పనిసరి చేసింది కదా, పెద్ద కంపెనీల నుంచి వాళ్లకి సరుకిచ్చే మాలాంటివాళ్లకి లెక్కలడిగే ఫారాలు వస్తూనే ఉంటాయి. చాలావరకు తూతూమంత్రం. నింపిన ఫారం చదివి, "ఈ కరెంటు లెక్క ఏ మీటరుదయ్యా?" అని ఫోన్ చేసేవాళ్లు నూటికో కోటికో ఒకరు.

ఓఎంఆర్_అక్క:
మా ఐటీవాళ్ల గోల కూడా వినండి. 2019 ఎండాకాలంలో చెన్నైకి నీళ్లిచ్చే చెరువులు పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోతే చాలా కంపెనీలు ఇంటినుంచే పని చేసుకోమన్నాయి. అప్పుడు అందరూ మహా పొదుపరులే. మా సెంటర్ హెడ్ మాత్రం ఆ రోజు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో క్యాంటీన్ గుమ్మంలో రాయించడం మొదలుపెట్టారు. వానలు పడ్డాక ఫెసిలిటీస్‌వాళ్లు ఆ బోర్డు తీసేయబోతే తిట్టి మళ్లీ పెట్టించారు. నాకు నచ్చింది అదే. కరువులో ఎవరైనా మేలుకుంటారు.

మణలి_రిటైర్డ్:
బాబూ, చెన్నై మణలిలో రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ 1990లలోనే నగరం మురుగునీరు తీసుకుని, శుద్ధిచేసి వాడుకున్నాయి. ఆ రోజుల్లో ఈ మాటంటే మొహం చిట్లించేవాళ్లు. ఇంజనీర్లు లెక్క చూపిస్తే నమ్మి సంతకం పెట్టే పైవాళ్లుండబట్టి అయింది. ఇప్పుడు కొడుంగయ్యూరు, కోయంబేడు ప్లాంట్లు ఒక్కొక్కటీ రోజుకి 4.5 కోట్ల లీటర్లు శుద్ధిచేసి ఫ్యాక్టరీలకి ఇచ్చే స్థాయివి. నువ్వు వెళ్లే శ్రీపెరంబుదూరుకి కోయంబేడు నీళ్లే వస్తాయి.

అమెరికాలో ఇంటర్‌ఫేస్ అనే కార్పెట్ల కంపెనీ అధిపతి రే ఆండర్సన్ గురించి చదువు. 1994లో, అరవయ్యో ఏట, పర్యావరణానికి మీరేం చేస్తున్నారని కస్టమర్లు అడిగితే చెప్పడానికి ఏమీ లేకపోయింది. ఆ తర్వాతే 2020కల్లా ప్రకృతికి హాని సున్నా కావాలని లక్ష్యం పెట్టాడు. ఆయన 2011లో పోయినా కంపెనీ ఆ పని వదల్లేదు. ఎండీ మారితే ఆగిపోయేదాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

నెల్లూరోడు:
పెద్దాయనా, నమస్కారం. కానీ ఓనర్ మంచోడైతే చాలదు. తిరుప్పూరులో బట్టలకి రంగులద్దే డైయింగ్ యూనిట్లని 2011లో మద్రాసు హైకోర్టు మూయించేదాకా ఏమైంది? మంచోళ్లు అప్పుడూ ఉన్నారు. పక్కోడు రంగునీళ్లు నొయ్యల్ నదిలోకి వదిలేస్తుంటే, శుద్ధిచేసేవాడు రేటు దగ్గర దెబ్బతింటాడు. రూలు అందరికీ ఒకేలా పెట్టండని అసోసియేషన్ మీటింగులో లేచి అడిగేవాడే నా దృష్టిలో నిఖార్సైనోడు.

అంబత్తూరు_ప్లేటింగ్:
అడిగితే టీ తాగి కూర్చోమంటారు అన్నా 😀 మావాడికి జరిగిందదే. అయినా మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉన్నాడు.

చిత్తూరు_కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్. మరి ఇంటర్వ్యూలో ఏం అడగమంటారు?

ఓరగడం_పర్చేజ్:
ఈటీపీ ఆపరేటర్ ఎవరి కింద పనిచేస్తాడో అడగండి. ప్రొడక్షన్ హెడ్ కిందైతే ఆలోచించుకోండి. డిస్పాచ్ ఒత్తిడి ఉన్న రోజు ఎవరి మాట చెల్లుతుందో మీకు తెలుసు. ఈటీపీకి వేరే కరెంటు మీటరు ఉందా, దాని లాగ్‌బుక్ చూడొచ్చా అని కూడా అడగండి. ఉత్పత్తి పెరిగిన నెలలో ఆ రీడింగ్ కదలకపోతే మిగతాది అడగక్కర్లేదు.

మణలి_రిటైర్డ్:
ఆఫీసులో పీపీటీ చూపిస్తామంటారు. ముందు ప్లాంటు చూస్తానని చెప్పు. సేఫ్టీ షూస్ నీవే తీసుకెళ్లు, ఈటీపీ దగ్గర సున్నం పడి నేలంతా జారుతుంటుంది.