సరుగుడు కాయ, పైన్ కాయ: రెండూ మారిన ఆకులేనా?

ప్రశ్న (బరంపురం నుంచి):
మా పాప ప్లస్ టూ సైన్స్. దరింగబాడిలో పైన్ చెట్ల కింద ఏరిన కాయనీ, గోపాల్‌పూర్ తీరంలో సరుగుడు తోటలో దొరికిన కాయనీ పక్కపక్కన పెట్టుకుని, రెండింటికీ పొలుసులున్నాయి కాబట్టి సరుగుడు కూడా కోనిఫరేనా (పైన్ లాంటి, పూలు పూయని చెట్టేనా), ఈ పొలుసులన్నీ మారిన ఆకులేనా అని అడుగుతోంది. ఆకైతే చెక్కలా అంత గట్టిగా ఎలా ఉంటుంది? రికార్డులో బొమ్మ వేయాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1 (పర్లాకిమిడి):
సరుగుడు పూలు పూసే మొక్కేనండి, కోనిఫర్ కాదు. సూదుల్లా వేలాడేవి కూడా ఆకులు కావు, సన్నటి పచ్చ రెమ్మలు. ఒక రెమ్మని కణుపు దగ్గర లాగి చూడమనండి, చుట్టూ ఆరు నుంచి ఎనిమిది దాకా బుల్లి పొలుసులు కనిపిస్తాయి, అసలు ఆకులు అవే. ఆహారం తయారుచేసే పని రెమ్మలు చూసుకుంటాయి. ఇక కాయలో జంటగా తెరుచుకునేవి ఒక్కో ఆడపువ్వునీ కాపాడే లఘుపుచ్ఛాలు (బ్రాక్టియోల్స్), అంటే ఖచ్చితంగా మారిన ఆకులే. కాయ ముదిరేకొద్దీ అవి గట్టిపడి, ఎండాక విడిపోతాయి, లోపల రెక్క ఉన్న గింజ గాలికి ఎగిరిపోతుంది.

జవాబు 2 (జయపురం):
పైన్ సంగతి వేరు, చాలామంది తప్పు గీసేది ఇక్కడే. పుప్పొడి ఇచ్చే మగ శంకువులో (కోన్‌లో) పొలుసులు మారిన ఆకులే. మీ పాప ఏరింది ఆడ శంకువు. అందులో మనకి కనిపించే మందపాటి పొలుసు ఒక్క ఆకు కాదు, ఆకు మొదలు దగ్గర పుట్టిన చిన్న కొమ్మ మొత్తం కుదించుకుపోయి అలా అయింది. స్వీడన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ ఫ్లోరిన్ పాత శిలాజాలు పరిశీలించి ఈ విషయం తేల్చాడు. అసలు ఆకు దాని కింద చిన్న పుచ్ఛంగా (బ్రాక్ట్, అంటే పువ్వు లేదా పొలుసు కింద ఉండే మారిన ఆకుగా) మిగిలింది, ముదిరిన పైన్ కాయలో అది కనిపించడం కష్టం, డగ్లస్ ఫర్ అనే మరో కోనిఫర్ కాయ ఫొటో చూస్తే మూడు కొనలతో బయటికి పొడుచుకొచ్చి స్పష్టంగా ఉంటుంది. పొలుసు పైవైపు రెండు అండాలు గీయమనండి, చుట్టూ అండాశయం గీయొద్దు.

జవాబు 3 (ఛత్రపురం):
మారిన ఆకులంటే టెక్స్ట్‌బుక్కుల్లో పాయిన్‌సెట్టియా (ఎర్రటి పుచ్ఛాలుండే తోట మొక్క) ఎందుకో, మన గంజాం మొగలి ఉండగా! మగచెట్టు పొత్తులో వాసనొచ్చే తెల్లటి రేకులన్నీ పుచ్ఛాలే, మధ్యలో ఉన్న మగపూలకి ఆకర్షణ పత్రాలే (పూరేకులే) ఉండవు. మన కేవ్డా (మొగలి) అత్తరు వ్యాపారమంతా ఆ పొత్తుల మీదే నడుస్తోంది.

ప్రశ్న అడిగినవారు:
అయితే సరుగుడు బొమ్మలో అండాశయం ఉండాలి, పైన్‌లో ఉండకూడదు, అంతేనా?

జవాబు 2 (జయపురం):
అంతేనండి. పుచ్ఛాన్నీ పొలుసునీ విడివిడిగా చూపించి పేర్లు రాయమనండి.