ఈ సమాధి మాజీ సైనికుడిదేనా? ఎలా తేల్చుకోవాలి?

పల్లెలోని పాత సమాధుల తోటలో అరిగిపోయిన రాయి ఒకటి కనిపించింది. పేరు సగమే మిగిలింది. కింద 1923, పైన రెజిమెంట్ చిహ్నం లాంటి గుర్తు. సాయంత్రపు ఏటవాలు ఎండలో మరో నాలుగు అంకెలు బయటపడ్డాయి. సుద్ద రుద్దమని ఒకరన్నారు కానీ, రాయి పాడవుతుందని నేను ఒప్పుకోలేదు.

కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో మొదటి ప్రపంచ యుద్ధానికి సంబంధించి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు మరణించినవారే ఉంటారు. అంటే ఇతను అందులో దొరకడు. ఇంటికి తిరిగొచ్చి తర్వాత కన్నుమూసినవారి వివరాలు ముందుగా ఎక్కడ వెతకాలి? చర్చి ఖనన రిజిస్టరులోనా, పింఛను కాగితాల్లోనా? ఆ అంకెలు సర్వీసు నంబరు కావచ్చా? ఇలాంటి పని చేసినవారు దయచేసి చెప్పండి.