సమస్యాపూరణం: “నీరు లేక యేఱు నిండి పాఱె”

నిర్వహణ: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. “నీ”కి “ని” యతి. పూరణ చైనా చక్రవర్తుల సమాధుల నిర్మాణం మీదే ఉండాలి. షియాన్ దగ్గర లీషాన్ కొండ పక్కనున్న చైనా మొదటి చక్రవర్తి చిన్ షీ హువాంగ్ సమాధి పని క్రీ.పూ. 246లో, ఆయన పదమూడో ఏట సింహాసనమెక్కగానే మొదలైంది. క్రీ.పూ. 210లో ఆయన పోయేనాటికీ సాగుతూనే ఉంది. లోపలి గది ఇప్పటికీ తెరవలేదు. కనుక తెలిసినంతవరకే చెప్పండి, పద్యం నిలబడుతుంది.

పద్యప్రియ:

ఆ.వె.
చక్రవర్తి కొఱకు సమకూర్చు గోరిలో
భూమిఁ జెక్కి నదులఁ బొసఁగఁ జేసి
పాదరసము నింపి పాఱింప యంత్రముల్
నీరు లేక యేఱు నిండి పాఱె

నిర్వహణ: భావం సూటిగా ఉంది. దేశంలోని నదులనూ సముద్రాన్నీ పాదరసంతో కట్టి యంత్రాలతో నడిపించారని చైనా చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. ఆయన శతాబ్దం తర్వాతివాడే అయినా, 1980ల్లో సమాధి మీది మట్టిదిబ్బ మన్ను పరీక్షిస్తే పాదరసం మామూలుకన్నా చాలా ఎక్కువగా కనబడింది. లోపమల్లా మూడో పాదం చివర. “పాఱింప”, “పాఱె” వెంటవెంటనే వచ్చి సమస్య బలాన్ని ముందే ఖర్చు చేస్తున్నాయి. “పాదరసము నింపి పలు యంత్రముల నూప” అంటే యతీ నిలుస్తుంది, క్రియా కొత్తదవుతుంది.

పద్యప్రియ: చాలా బాగుందండీ. అలాగే మార్చుకుంటాను.

గోదావరి గట్టు:

ఆ.వె.
ఏడు లక్షలైన యిల జనుల్ దరలంగ
కొండ చెంత గోరిఁ గొలువు దీర్ప
వెట్టివారి చెమట వెల్లువై పొంగగా
నీరు లేక యేఱు నిండి పాఱె

పద్యప్రియ: గోరిని కొలువు తీర్చడం ఎంత చక్కని ఊహ! కానీ చెమట కూడా నీరే కదండీ? “నీరు లేక” అన్న మాటకు అదే అడ్డు తగులుతోంది.

నిర్వహణ: నిజం. “వెట్టివారి దండు వెల్లువై పొంగగా” అంటే జనమే ఏరవుతుంది, చిక్కు విడిపోతుంది. ఏడు లక్షలు సిమా చియెన్ చెప్పిన లెక్క. ఈ పూరణ నన్ను ఎక్కువ కదిలించింది. సమాధికి దగ్గరలో పనివాళ్ల శ్మశానం బయటపడింది. పెంకుముక్కల మీద కొందరి పేర్లు, ఊళ్లు గీసి ఉన్నాయి. అప్పు తీర్చలేక ఆ పనికి వచ్చిన వాళ్లూ అందులో ఉన్నారు. రాజుగారి గది మూసే ఉంది గాని, ఆ కూలీల పేర్లు మనం చదవగలుగుతున్నాం. దీని మీద ఎవరైనా ఖండకావ్యం రాయాలి.

పొలంగట్టు: నేను రైతు వైపు నుంచి చూశాను.

ఆ.వె.
బావిఁ దవ్వు రైతు పలుగునఁ బయిఁదేలె
మట్టి సేన వేల మందితోడ
బండి గుఱ్ఱములును బారులు దీరంగ
నీరు లేక యేఱు నిండి పాఱె

నిర్వహణ: భేష్! 1974లో, వానల్లేని రోజుల్లో, సమాధికి దగ్గరలో రైతులు బావి తవ్వుతుంటేనే, ఆ చక్రవర్తి కోసం పాతిపెట్టిన మట్టిసైనికుల బొమ్మలు తగిలాయి. నీటికోసం వెళ్తే సైన్యం దొరికింది. సమస్యలోని “నీరు లేక” ఇక్కడ కథలోంచే పుట్టింది, పాదరసం ఊసే అక్కర్లేదు. ఆ బొమ్మలున్న గోతుల్లో ఒకటో గొయ్యి పొడవు 230 మీటర్లు, వెడల్పు 62 మీటర్లు. అందులో బారులు తీరిన వరుసలకు ఏరు పోలిక అతకదనేవారుండరు.

కొత్త కలం: నాకు ఒక్క పాదమే కుదిరింది, దిద్దండి: “గోరిలోని నింగి ముత్యాల చుక్కలు”.

నిర్వహణ: గణాలు సరిపోయాయి తల్లీ, యతి తప్పింది. “గో”కు “ము” చెల్లదు. పైగా పైన ఆకాశం, కింద భూమి అమర్చారన్నాడే గాని సిమా చియెన్ ముత్యాల మాట ఎత్తలేదు. “గోరిలోని నింగి గుండ్రమై మెఱయంగ” అంటే ఛందస్సు కుదురుతుంది, కానీ గుండ్రమని కూడా ఆయన అనలేదు. ఆ మాట తీసేసి నువ్వే ఇంకొకటి వెతుకు. మిగతా పాదాలూ రాసి పెట్టు.

ఊటబావి:

ఆ.వె.
మూఁడు జలల దాటి మూసి యడ్డముఁ గట్టి
చెమ్మ లోని కింకఁ జేరకుండ
తళుకుమనెడు రసము తరగలై పొంగంగ
నీరు లేక యేఱు నిండి పాఱె

గోదావరి గట్టు: మూడు జలల, అంటే నేలలోని ఊటల, కింది దాకా తవ్వి రాగి పోశారంటాడు గదా సిమా చియెన్? “మూసి రాగినిఁ బోసి” అనకూడదా?

ఊటబావి: అనవచ్చునండీ, ఛందస్సుకు అడ్డం లేదు. కానీ కొండవైపు నుంచి దిగే ఊటను ఆపిన అడ్డుకట్ట తవ్వకాల్లో కనబడింది. కొండవాలున గది కట్టి, దాన్ని పొడిగా ఉంచడం ఎంత కష్టమో ఆలోచించండి. నీటిని బయటే ఆపిన పనితనం మొదట పద్యంలోకి రావాలనిపించింది.

నిర్వహణ: “అడ్డముఁ గట్టి” అలాగే ఉంచండి. “నీరు లేక” అన్నది ఇక్కడ వింత కాదు, కట్టినవాళ్లు సాధించిన పని. ఈ వారానికి ఇదే నా మొదటి ఎంపిక. పొలంగట్టు గారిది రెండోది. కొత్త కలం పద్యం కోసం ఆదివారం దాకా ఆగుతాను.