'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్': చివరి ప్రసంగం చదవకపోతే నష్టమా?

ప్రశ్న: మార్గరెట్ ఆట్‌వుడ్ నవల సగం దాకా వచ్చాను. కథ చెప్పే ఆమె ఉంటున్న కమాండర్ (పెద్ద అధికారి) ఇల్లు, శిక్షణ కేంద్రం, పాత కాపురం అన్నీ కలిసిపోయి ఏది ముందో ఏది వెనకో అందడం లేదు. అమెరికా గిలియడ్ అనే మత నియంతృత్వ రాజ్యంగా ఎలా మారిందో ఎక్కడుంది? చివర ఏదో సదస్సు ప్రసంగం కనిపిస్తోంది, వదిలేయొచ్చా?

జవాబు 1: దయచేసి వదలకండి, అదీ కథలో భాగమే. (ముందే తెలియకూడదనుకుంటే ఇక్కడితో ఆపేయండి.) గిలియడ్ చరిత్ర మీద ఆ సదస్సు 2195లో జరుగుతుంది. అంతకుముందే అమెరికాలోని బాంగోర్ ఊళ్లో ఒక ఇనప పెట్టెలో 30 దాకా క్యాసెట్లు దొరుకుతాయి. ప్రతిదాంట్లో ముందు రెండు మూడు పాటలు, ఆ తర్వాత కథ చెప్పే ఆమె గొంతు. వాటికి వరుస అంకెలు లేవు. మనం చదివే క్రమం ఇద్దరు ప్రొఫెసర్లు ఊహించి పేర్చింది. వాళ్లలో సదస్సులో ప్రసంగించే ప్రొఫెసర్ ఇంత విని కూడా, కమాండర్ కంప్యూటర్‌లోంచి 20 పేజీలు దొరికినా బాగుండేదని వాపోతాడు! నవల మొత్తంలో నాకు అన్నిటికన్నా మంట పుట్టించే చోటు అదే.

జవాబు 2: గిలియడ్ పుట్టుక 28వ అధ్యాయంలో ఉంది, నిదానంగా చదవండి. అధ్యక్షుణ్ణి, కాంగ్రెస్ సభ్యుల్ని కాల్చేస్తారు, రాజ్యాంగాన్ని పక్కన పెడతారు, పత్రికల నోరు నొక్కుతారు. అప్పటికీ రోజులు మామూలుగానే గడుస్తుంటాయి. తర్వాత ఒకే రోజు దుకాణంలో ఆమె కార్డు పనిచేయదు, లైబ్రరీ ఉద్యోగం పోతుంది. నోట్లు ఎప్పుడో రద్దయ్యాయి, డబ్బంతా కంప్యూటర్ ఖాతాల్లోనే. ఆడవాళ్ల ఖాతాలకు విడిగా గుర్తు ఉంది కాబట్టి స్తంభింపజేయడానికి మీటలు నొక్కితే చాలు. ఆ డబ్బు మీద హక్కు ఇక భర్తది. నేను చూసుకుంటాలే అంటాడు ఆమె భర్త ల్యూక్. మంచివాడే, కానీ ఆ మాటతోనే ఇద్దరి మధ్య ఏదో తెగిపోతుంది. హ్యాండ్‌మెయిడ్ల (అధికారులకు పిల్లల్ని కని ఇవ్వడానికి పెట్టిన ఆడవాళ్ల) ఎర్ర బట్టలు చాలా తర్వాతి సంగతి.

ఆడవాళ్ల మీద రాజ్యానికి ఇంత పట్టు ఉండటం అతిశయోక్తి అనిపిస్తే రొమేనియా చూడండి. 1966లో అక్కడ అబార్షన్‌ను దాదాపు పూర్తిగా నిషేధించారు. చరిత్రలో ఎక్కడా జరగనిది ఏదీ రాయకూడదని ఆట్‌వుడ్ నియమం పెట్టుకున్నారు.

జవాబు 3: కాలం తికమకకు ఒక చిట్కా. 15 భాగాల్లో ఏడింటి పేరు 'రాత్రి'. వాటిలో కొన్నిట బయటి కథ దాదాపు ఆగి జ్ఞాపకాలు నడుస్తాయి. కమాండర్ ఇంటి సంగతులు ఎక్కువగా వర్తమాన కాలంలో ఉంటాయి. క్రియలు గమనిస్తే దారి దొరుకుతుంది.

ఈ నవల మీద తీసిన టీవీ సీరియల్ చూసి వచ్చుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: కథ చెప్పే ఆమె అసలు పేరు జూన్ అని నవల ఎక్కడా ఖాయంగా చెప్పదు.