14 కాపీల్లో ఏది బయటికి పొక్కింది?

అడిగినవారు: రాతప్రతి

నవల అచ్చుకి ముందు చదివిపెట్టమని 14 మందికి వర్డ్ ఫైలు పంపాను. నెల తిరక్కుండానే ఎవరో నాకే ఫార్వర్డ్ చేశారు, "ఇది చదివారా, బాగుంది" అంటూ! 37వ పేజీలో నేను దిద్దని అచ్చుతప్పుతో సహా. ఎవర్ని అడిగినా నొచ్చుకుంటారని ఊరుకున్నాను.

ఈసారి ఒక్కో కాపీలో కంటికి కనబడని గుర్తు పెడదామని చిన్న స్క్రిప్టు రాశాను. ముందు ఫైల్లో ఉన్న జీరో విడ్త్ (వెడల్పు లేని, కంటికి కనబడని) అక్షరాలన్నీ తుడిచేసి, వాటిలోనివే అయిన నాన్ జాయినర్‌ని 0గా, జాయినర్‌ని 1గా మాటల మధ్యలో దూర్చడం. మనిషికి 4 బిట్లు (ఇలాంటి 0, 1 గుర్తులు), అంటే 16 మందికి సరిపోతుంది. తీరా చూస్తే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంది. ఎక్కడ తప్పాను?

పొల్లు:

తుడవడంలోనే అండీ. ఇంగ్లీషులో వాటికి పెద్దగా పని లేదు గానీ, తెలుగులో నాన్ జాయినర్ ఉద్యోగం చేస్తోంది. పొల్లు పక్కన అది ఉంటేనే తర్వాతి హల్లు ఒత్తుగా కిందికి దిగదు. తుడవకపోయినా తిప్పలే: మామూలు మాటల్లో ఉన్నవి కూడా మీకు సున్నాలుగా లెక్కకొస్తాయి. యూనికోడ్ (కంప్యూటర్లో అక్షరాలకిచ్చిన నంబర్ల పట్టిక)లో 200B, 2060 కోడ్‌ల అక్షరాలు వాడండి. అవీ కనబడనివే. వాటిని మాటల మధ్య ఖాళీల పక్కనే పెట్టండి. మాట మధ్యలో పెడితే ఫైల్లో వెతికినప్పుడు ఆ మాట దొరక్కపోవచ్చు.

కంపోజిటర్:

అంతా బాగుంది, స్క్రీన్‌షాట్ తీసేదాకా. మళ్లీ టైపు చేసినా గుర్తు హుళక్కే. 1990ల్లో అమెరికాలోని పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో బ్రాసిల్ బృందం కాపీకో గుర్తుగా పంక్తినే అంగుళంలో 300వ వంతు పైకో కిందికో జరిపింది. అది జిరాక్స్ తీసినా నిలిచింది. కానీ మీ వర్డ్ ఫైలుని ఫోన్లో తెరిస్తే పంక్తులే మారిపోతాయి. అందుకని మాటలే మార్చండి. ఒకరికి ‘అయినా’, ఇంకొకరికి ‘ఐనప్పటికీ’. అలాంటి చోట్లు 4 చాలు. ఒక్క అధ్యాయమే బయటపడొచ్చు కాబట్టి ప్రతి అధ్యాయంలోనూ పెట్టండి. దొరికినా అది ఎవరి కాపీయో తెలుస్తుందంతే. పంపింది వాళ్ల బావమరిది కావచ్చు.

రాతప్రతి:

ఖాళీల పక్కన పెట్టాక ‘సాఫ్ట్‌వేర్’ కుదుటపడింది. మాటల పని మాత్రం రెండు రోజులు తినేసింది. ఏడో అధ్యాయంలో గుర్తు కోసం మార్చిన మాటే బాగుందనిపించి, అన్ని కాపీల్లోనూ అదే ఉంచేశాను. ఇప్పుడు అక్కడ ఇంకో చోటు వెతుక్కోవాలి.