తప్పటడుగా, తప్పుటడుగా? (నానమ్మ వరసలో ఒక పిండివంట గుర్తు రావడం లేదు)

వేకువ:
మా నానమ్మ చెప్పే వరస ఒకటి నాలుగు రోజులుగా నోట్లో ఆడుతోంది, పూర్తిగా మాత్రం రావడం లేదు. బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు. ఇవి అందరి ఇళ్ళలోనూ ఉన్నవే. ఆవిడ గారెలకీ అరిసెలకీ మధ్య ఇంకొకటి చెప్పేది: "తప్పటడుగులకు త..." ఆ "త" తర్వాత ఏముందో ఎంత తలచుకున్నా అందడం లేదు. వచ్చే వారం బడి పిల్లలకు భూమ్యాకర్షణ గురించి చెప్పాలి. మనిషి నడక ఎలా నేరుస్తాడు, అంతరిక్షంలోకి వెళ్తే ఆ నడక ఏమవుతుంది అని. ఈ వరసతోనే మొదలుపెట్టాలని నా కోరిక. మెడ నిలపడం దగ్గర్నుంచి గడప దాటడం దాకా పసివాడు చేసేదంతా తన బరువుతో పెనుగులాటే కదా. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

గోదారిగట్టు:
తపాలచెక్క అయ్యుంటుందండీ.

వేకువ:
తీపి వంటకం అని మాత్రం గట్టిగా గుర్తుందండీ.

బందరువీధి:
తీపైతే తొక్కుడు లడ్డే తల్లీ. అడుగు వేయడమూ తొక్కడమే, లడ్డు కోసం పిండిని రోట్లో దంచడమూ తొక్కడమే. ఆ రెండర్థాలూ కలిసొచ్చేలా అన్నారంటే మీ నానమ్మగారిది తప్పకుండా మా కృష్ణాజిల్లా అయి ఉండాలి.

వేకువ:
కాదండీ, ఆదోని.

బండి ఱ:
వంటకం తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ మాట సరిచూసుకోవాలి. "కర్మధారయములందుత్తున కచ్చు పరంబగునపుడు టుగాగమంబగు" అన్నాడు చిన్నయసూరి. అంటే విశేషణం చివరి ఉకారం తర్వాత అచ్చు వస్తే నడుమ "ట" చేరుతుంది. నిగ్గుటద్దము, కఱకుటమ్ము, చిగురుటాకు, పండుటాకు. ఆ లెక్కన తప్పు + అడుగు = తప్పుటడుగు. "ప్ప" దగ్గర కొమ్ము ఎగిరిపోవడానికి ఏ సూత్రమూ లేదు. పిల్లల ముందుకు తీసుకెళ్ళే మాట కాబట్టి చెబుతున్నాను.

తుంగభద్ర:
మాస్టారూ, సూత్రం లేకపోవచ్చు, కారణం ఉంది. చదువు, కానీ చదవను. అడుగు, కానీ అడగను. నడుపు, కానీ నడపను. వెనకాల "అ" వచ్చి కూర్చుంటే మధ్యలో ఉన్న ఉకారం దానికి లొంగి తనూ "అ" అయిపోతుంది. తప్పుటడుగులో "ట" మీద ఉన్నది "అ"యే. అది ముందున్న "ప్పు"ని "ప్ప" చేసుకుంది. చదవను అని రోజూ రాసే చేత్తో తప్పటడుగుని తప్పనడం న్యాయం కాదు.

బండి ఱ:
అలాగైతే నిగ్గుటద్దం నిగ్గటద్దం ఎందుకు కాలేదు బాబూ? అక్కడా "ట" మీద అకారమే.

తుంగభద్ర:
నిగ్గుటద్దం పుస్తకంలోనే ఉండిపోయింది మాస్టారూ. తప్పటడుగు ప్రతి ఇంటి వసారాలోనూ నలిగింది. నోట్లో నలిగిన మాటే అరుగుతుంది.

గోదారిగట్టు:
నాకో చిన్న ఊహ ఉంది, కొట్టిపారేయకండి. ఇందులో "తప్పు" అసలు లేదేమో? పసివాడి పాదం నేల మీద పడుతుంటే తప, తప అని వినిపిస్తుంది. ఆ చప్పుడు అడుగే తప్పటడుగు.

పిల్లల ఫిజియో:
వ్యుత్పత్తి నేను చెప్పలేను గానీ, చప్పుడు విషయంలో గోదారిగట్టు గారు నిజమే పట్టుకున్నారు. కొత్తగా నడిచే పిల్లలు మనలా మడమ ముందు ఆనించరు. పాదం మొత్తం ఒక్కసారి పరిచినట్టు వేస్తారు. కాళ్ళు ఎడంగా పెడతారు, చేతులు భుజాల దాకా లేపి ఉంచుతారు. ఇదంతా పడిపోకుండా చూసుకునే ఏర్పాటు. మడమ ముందు పడే నడక ఆ తర్వాత కొన్ని నెలలకు గానీ రాదు.

ఇంకొకటి. అప్పుడే పుట్టిన బిడ్డను చంకల కింద పట్టుకుని పాదాలు మంచానికి ఆనిస్తే అడుగులు వేసినట్టు కాళ్ళు కదుపుతుంది. రెండు నెలలు దాటేసరికి అది మాయమవుతుంది. మెదడు ఎదిగి ఆ పని మానిపిస్తుంది అని చాలాకాలం అనుకున్నారు. 1984లో ఎస్తర్ థెలెన్, ఆమె తోటి పరిశోధకులు అలా మానేసిన పిల్లల కాళ్ళను నీళ్ళలో మునిగేలా పట్టుకుని చూశారు. అడుగులు మళ్ళీ వచ్చాయి! కాలికి కొవ్వు పట్టి బరువెక్కిన వేగంతో కండబలం రాలేదు, అంతే. నీరు ఆ బరువును మోసింది. అంటే నడక మరిచిపోయారనుకున్నాం గానీ, నిజానికి భూమి వాళ్ళ కాళ్ళను పట్టుకుని ఉంది. నా వృత్తిలో ఇంతకంటే నాకు నచ్చిన ప్రయోగం లేదు.

వేకువ:
ఇది పిల్లలకు తప్పకుండా చెబుతాను. మరి తప్పటడుగు అన్నప్పుడు "తప్పు" అంటే నేరమేనా? "ఆ అమ్మాయి తప్పటడుగు వేసింది" అనే మాట పసిపిల్లల పక్కన పెట్టాలంటే నాకు మనసు ఒప్పడం లేదు.

తుంగభద్ర:
నేరం ఎంతమాత్రం కాదక్కా. పట్టు తప్పింది, దారి తప్పింది, గురి తప్పింది, లయ తప్పింది. వీటిలో ఎవరి నేరం ఉంది? ఉండాల్సిన చోటు నుంచి జారడం, అదే తప్పు అసలు అర్థం. దోషం అన్న అర్థం దాని మీద తర్వాత పేరుకుంది. తప్పటడుగు అంటే తప్పైన అడుగు కాదు, తప్పే అడుగు. తూగే ఉయ్యాల తూగుటుయ్యాల అయినట్టే.

బండి ఱ:
తూగుటుయ్యాల మంచి ఉదాహరణ, ఒప్పుకుంటున్నాను. పైగా ఆ "తూగు" మాట చూడండి. తక్కెడలో తూగుతాం, ఉయ్యాలలో తూగుతాం, నిద్రకూ తూగుతాం. బరువు, ఊగడం, ఒరిగిపోవడం మూడూ ఒక్క ధాతువులోనే ఉన్నాయి. అయినా తూగుటుయ్యాలలో కొమ్ము నిలిచే ఉంది, గమనించగలరు.

పిల్లల ఫిజియో:
తుంగభద్ర గారి అర్థమే సరైనదైతే మనమంతా వేసేవి తప్పటడుగులే. నిలబడిన మనిషి ఒళ్ళు ముందుకు వాలుతుంది, బరువు పాదం దాటి పోతుంది, పడబోతుండగా రెండో కాలు వచ్చి ఆపుతుంది. మళ్ళీ వాలడం, మళ్ళీ ఆపడం. పెద్దవాళ్ళం ఆ పడబోవడాన్ని కనిపించనీయం. పసివాళ్ళు కనిపించనిస్తారు. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లల్ని వాళ్ళ ఆటలో గమనించి కేరెన్ అడాల్ఫ్ బృందం 2012లో ఒక లెక్క చెప్పింది: సగటున గంటకు 2,368 అడుగులు, 17 పడిపోవడాలు.

గోదారిగట్టు:
గంటకు పదిహేడుసార్లా! నానమ్మలు పిండివంటలు చేశారంటే ఊరికే చేశారా.

అరసున్న:
అడుగుల మాట వచ్చాక పోతనను తలవకుండా ఎలా ఉన్నారో నాకు అర్థం కావడం లేదు. లోకంలో అడుగులు వేసిన వాడంటే వామనుడే. "ఇంతింతై వటుఁడింతయై" అని మొదలై ఆ వడుగు ఏ వరసలో పైకి పోయాడో చూడండి. నభోవీధి, తోయదమండలం, ప్రభారాశి, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం. నేల మీద గొడుగు పట్టుకుని వెడవెడ నడకతో వచ్చిన పొట్టివాడు మబ్బులు దాటి, చంద్రుణ్ణి దాటి పోతాడు. వేకువ గారూ, మీ పాఠం మొత్తం ఆ ఒక్క పద్యంలో ఉంది. పసితనం నుంచి అంతరిక్షం దాకా.

సూళ్ళూరుపేట:
అరసున్న గారూ, ప్రభారాశి సూర్యుడైతే చంద్రుడి కంటే ముందు వచ్చాడేమిటి?

అరసున్న:
పురాణాల లెక్కలో చంద్రమండలం సూర్యమండలానికి పైన. పోతన ఆ వరస తప్పలేదు. మీరు అడగాల్సింది వేరే ఉంది. వామనుడు బలిని అడిగింది మూడడుగులని అందరూ అంటారు. పద్యంలో ఏముంది? "ఒంటివాఁడ నాకు నొకటి రెండడుగుల మేర యిమ్ము." ఒకటి రెండు! మూడు ఎక్కడుంది?

బండి ఱ:
ఒకటీ రెండూ కలిపితే మూడు. ఇది మా గురువుగారు తొలి తరగతిలోనే చెప్పేవారు.

అరసున్న:
కలపమని పోతన చెప్పలేదు మాస్టారూ. "ఒకటి రెండు" అంటే "ఏదో కాస్త" అనే మన జాతీయం. బలికి అలా వినపడాలి, మనకు మూడు అని వినపడాలి. రెంటినీ ఉంచాడు కాబట్టే ఆయన పోతన. ఇంకా తృణావర్తుడి ఘట్టం గుర్తుచేస్తాను. యశోద ఒళ్ళో ఉన్న పిల్లవాడు ఉన్నట్టుండి మోయలేనంత బరువవుతాడు. ఆమె నేల మీదికి దించుతుంది. సుడిగాలి రాక్షసుడు ఎత్తుకుపోతాడు గానీ, ఆకాశంలో ఆ బరువుకు తాళలేక, మెడ పట్టుకున్న పసిచేతులను విడిపించుకోలేక కూలిపోతాడు. రాక్షసుణ్ణి కూల్చిన ఆయుధాల్లో ఒకటి బరువు! బరువును ఇలా చూసిన కథ ఇంకోటి నేను చదవలేదు.

సూళ్ళూరుపేట:
బరువు అంటున్నారు కాబట్టి నా పక్క నుంచి ఒకటి. భాస్కరాచార్యుడి ఖగోళ గ్రంథం సిద్ధాంతశిరోమణి, 1150. గోలాధ్యాయంలో "ఆకృష్టిశక్తిశ్చ మహీ" శ్లోకం. భూమికి ఆకర్షించే శక్తి ఉంది, ఆకాశంలోని బరువైన వస్తువును తనవైపు లాక్కుంటుంది, "తత్ పతతీవ భాతి". పతతి అని ఊరుకోలేదు, పతతి ఇవ. పడుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి లాగబడుతోంది. ఆ "ఇవ" నాకు ప్రాణం.

ఎందుకంటే మన పత్రికల్లో "శూన్య గురుత్వాకర్షణ" అని రాస్తుంటారు. అంతరిక్ష కేంద్రం తిరిగేది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున. అక్కడ భూమి లాగుడు నేల మీద ఉన్నదానిలో పదింట తొమ్మిది వంతులు ఉంది. గురుత్వం శూన్యం కాలేదు. కేంద్రమూ, అందులోని మనిషీ కలిసి పడుతూనే ఉన్నారు, పక్కకు పోయే వేగం వల్ల నేల అందడం లేదు. భాస్కరుడి వస్తువు పడుతున్నట్టు కనిపిస్తుంది. వీళ్ళు పడుతూనే తేలుతున్నట్టు కనిపిస్తారు. "ఇవ" అటు నుంచి ఇటు మారింది.

బండి ఱ:
శ్లోకం రెండో సగం వదిలేశారు. "సమే సమన్తాత్ క్వ పతత్వియం ఖే". చుట్టూ ఆకాశం సమానంగా ఉంటే ఈ భూమి ఎక్కడికి పడుతుంది అని ప్రశ్న. భూమి కిందికి పడిపోతోందనే వాదానికి జవాబు అది. "ఇవ" ఆ వాదం కోసం వచ్చింది. ఇక గురుత్వాన్నీ పతనాన్నీ ముడిపెట్టడమంటారా, అది వైశేషిక సూత్రాలు చెప్పిన కణాదుడిదే. "సంయోగాభావే గురుత్వాత్ పతనమ్." పట్టు విడిపోతే బరువు వల్ల పడుతుంది. తుంగభద్ర చెప్పిన "పట్టు తప్పడం" అదే.

తుంగభద్ర:
మాస్టారూ, మీరే నా అర్థానికి సూత్రం తెచ్చిపెట్టారు!

వేకువ:
అంతరిక్షంలో ఎవరైనా పసిపిల్లల పోలిక చెప్పారా? పాఠంలో ఆ ముడి వేయాలని ఉంది.

సూళ్ళూరుపేట:
మన వ్యోమగామి శుభాంశు శుక్లా చెప్పారమ్మా. 2025 జూన్ 25న బయల్దేరి మర్నాడు కేంద్రానికి చేరారు. దారిలోనే, అంతరిక్షంలో నడవడం, తినడం పసిపిల్లాడిలా నేర్చుకుంటున్నానని అన్నారు. అక్కడ నడక అంటే చేతుల పనే. వేళ్ళతో నెట్టుకుంటూ పోవడం, ఆగాలంటే పాదాన్ని కమ్మీ కింద దూర్చడం. నెలల తరబడి ఉండేవాళ్ళకు అరికాళ్ళ గట్టి చర్మం ఊడిపోయి మెత్తబడుతుంది, కమ్మీకి రాసుకుని పాదం పైభాగం గట్టిపడుతుంది. పాదం తలకిందులైనట్టే.

పిల్లల ఫిజియో:
లోపలి చెవిలో సున్నపు కణాలుంటాయి. తల వంచితే అవి జారి ఏది కిందో చెబుతాయి. పడుతూ తేలే చోట వాటికి బరువు తెలియదు, మెదడు వాటి మాట వినడం మానేస్తుంది. తిరిగొచ్చాక మళ్ళీ వినడం నేర్చుకోవాలి. అందుకే తిరిగొచ్చిన తొలి రోజుల్లో వాళ్ళు కాళ్ళు ఎడంగా పెట్టి, మలుపు దగ్గర తూలుతూ నడుస్తారు. నా దగ్గరకు వచ్చే పదమూడు నెలల పిల్లల నడక గుర్తొస్తుంది. ఎముకల సంగతీ అంతే. బరువు మోయకపోతే తుంటి ఎముక నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం దాకా కరుగుతుంది. అందుకే నడుముకు పట్టీలు బిగించుకుని మరీ రోజూ దాదాపు రెండు గంటలు వ్యాయామం చేస్తారు.

సూళ్ళూరుపేట:
రష్యా వ్యోమగామి వలేరి పొల్యకోవ్ అంతరిక్షంలో 437 రోజులు ఉండి 1995 మార్చిలో దిగి, వ్యోమనౌక నుంచి పక్కనున్న కుర్చీదాకా తన కాళ్ళతోనే నడిచాడు. చంద్రుడి మీదైతే 1972లో చార్లీ డ్యూక్ ఎంత ఎత్తుకు ఎగరగలడో చూద్దామని ఎగిరి వీపు మీద పడ్డాడు. వీపునున్నది ఊపిరి పెట్టె. చాలా భయపడ్డానని తర్వాత చెప్పుకున్నాడు.

పిల్లల ఫిజియో:
చంద్రుడి మీద గెంతుకీ, అమ్మ చెయ్యి పట్టుకున్న పిల్ల పరుగుకీ కారణం ఒకటే. నడకలో ఒళ్ళు పాదం చుట్టూ విల్లులా వంగిన దారిలో పోతుంది. దాన్ని కిందికి వంచి ఉంచేది బరువు. కాలు పొట్టిదైనా, గురుత్వం తక్కువైనా నడక వేగానికి హద్దు తగ్గుతుంది. ఆ హద్దు దాటితే పాదాలు నేల వదిలేస్తాయి. చంద్రుడి మీద లెక్క ప్రకారం ఆ హద్దు ఇక్కడి దానిలో సగానికి కూడా రాదు. అక్కడ పెద్దవాడి కాలు పసివాడి కాలే.

అరసున్న:
వామనుడివి పొట్టి కాళ్ళే. "వెడవెడ నడకలు" అన్న మాటకు ఇప్పుడు నాకు కారణం తెలిసింది. దీని మీద ఇంకో పద్యం చెబుతాను, రేపు.

బందరువీధి:
తొక్కుడు లడ్డు సంగతి ఎవరూ తేల్చలేదు.

వేకువ:
ఇవాళ అమ్మకు ఫోన్ చేశాను. నానమ్మ ఆ రోజు "తంపటి" అన్నట్టు లీలగా గుర్తుందట. తంపటి వేసిన చిలగడదుంపలు కావచ్చునంది. మళ్ళీ తనే, కాదేమో, తాటిబెల్లం ముక్క పెట్టేదేమో అంది. మా పెద్దత్తకు తెలియవచ్చు, ఆదివారం అడుగుతాను. పాఠం కాగితం మీద మాత్రం తప్పటడుగు అనే రాసుకున్నాను, కొమ్ము లేకుండా. నానమ్మ అలాగే అనేది.

బండి ఱ:
పలకడం అలాగే పలకండి తల్లీ. రాసేటప్పుడు కొమ్ము పెట్టండి.