ఎక్స్‌జే-ఎస్ వీ12: మోటార్‌వే మీద బాగుంటుంది, ట్రాఫిక్‌లో వేడెక్కుతోంది

ప్రశ్న (బర్మింగ్‌హామ్ నుంచి)

నా దగ్గర 1987 నాటి జాగ్వార్ ఎక్స్‌జే-ఎస్ హెచ్‌ఈ ఉంది, 5.3 లీటర్ల వీ12 (రెండు వరసల్లో పన్నెండు సిలిండర్ల ఇంజను). మోటార్‌వే మీద 70 మైళ్ల వేగంతో పోతున్నంతసేపూ ఉష్ణోగ్రత ముల్లు కదలదు. ఊళ్లోకి వచ్చి సిగ్నళ్ల దగ్గర ఆగితే చాలు, ఎరుపు వైపు జరగడం మొదలవుతుంది. గ్యారేజీ వాళ్లు రెండు థర్మోస్టాట్లూ (వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే కవాటాలు) మార్చారు, తేడా లేదు. ఇప్పుడు రేడియేటర్ కొత్తది వేయాలంటున్నారు. పైగా బానెట్ ఎత్తితే పెట్రోలు వాసన వస్తోంది. ఈ కారును అమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు (కోవెంట్రీ నుంచి)

నమస్కారమండీ. పెట్రోలు వాసన సంగతి తేలేదాకా ఇంజను స్టార్ట్ చేయకండి. వేడి సంగతి దాని తర్వాతే.

ఈ ఇంజనులో పన్నెండు ఇంజెక్టర్లూ రెండు సిలిండర్ వరసల మధ్య ఉంటాయి. ఇంజను ఆపాక వేడంతా అక్కడే చిక్కుకుంటుంది. ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే పొట్టి రబ్బరు గొట్టాలు ఆ వేడికి ఏళ్ల తరబడి ఉడికి గట్టిపడతాయి. బ్యాటరీ తీగ విప్పేసి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒక్కో గొట్టాన్నీ వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా లొంగాలి. కర్రలా ఉన్నా, వంచితే సన్నని పగుళ్లు కనిపించినా, ఒక్కటే మార్చి ఊరుకోవద్దు, అన్నీ మార్చండి. ఇంజెక్షన్ ఒత్తిడికి పనికొచ్చే ఆర్9 రకం గొట్టమే కొనండి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిసినది) అయింది. పాత రబ్బరుకు అది పడదు, ఈ5 (ఇథనాల్ అయిదు శాతానికి మించనిది) అని రాసి ఉన్న సూపర్ పెట్రోలే పోయించండి. ఈ కార్లు తగలబడ్డాయని వినే కథల్లో చాలావాటికి మూలం ఈ గొట్టాలే.

ఇక వేడి. వేగంగా పోతున్నప్పుడు ముల్లు నిలకడగా ఉందంటే నీళ్లు బాగానే తిరుగుతున్నాయని అర్థం. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉంటే సాధారణంగా మోటార్‌వే మీదే బయటపడుతుంది. ఆగినప్పుడు వేడెక్కుతోందంటే నా అనుమానం గాలి మీద, ఇగ్నిషన్ మీద.

ముందు ఫ్యాన్లు చూడండి. బాగా వేడెక్కిన ఇంజనును ఆపి, పెద్ద ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. బరువుగా, బిగువుగా కదలాలి. గిర్రున తిరిగితే దాని మధ్యనున్న విస్కస్ కప్లింగ్ (వేడిని బట్టి ఫ్యాన్‌ను పట్టి తిప్పే భాగం) పోయినట్టే. పక్కనున్న ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేడికి దానంతటదే తిరగాలి. తిరగకపోతే, వాటర్ పంపు దగ్గరి స్విచ్చుకు వచ్చే రెండు తీగలనూ ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి ఒకదానికొకటి తాకించండి. అప్పుడు తిరిగితే లోపం స్విచ్చుదే.

తర్వాత రేడియేటర్ పైనున్న అడ్డపట్టీ విప్పండి. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో ఎండుటాకులు, దుమ్ము, ఈకలు దట్టంగా పేరుకుని ఉంటాయి. ముందు గ్రిల్‌లోంచి చూస్తే ఇవేవీ కనబడవు. అందుకే చాలామంది మంచి రేడియేటర్‌ను పారేసి కొత్తది కొంటారు. చెత్త తీశాక, ఇంజను వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టండి. చుట్టూ ఉండే నురుగు పట్టీలు చివికిపోయి ఉంటే కొత్తవి అంటించండి. అవి లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా కాకుండా పక్కల నుంచి గాలి లాగేస్తుంది.

గ్యారేజీల్లో ఎవరూ చూడనిది డిస్ట్రిబ్యూటర్, అంటే స్పార్కును ఒక్కో సిలిండర్‌కూ పంచే భాగం. 1981లో వచ్చిన హెచ్‌ఈ ఇంజనుకు స్విట్జర్లాండ్ ఇంజనీరు మైకేల్ మే రూపొందించిన సిలిండర్ హెడ్లు ఉంటాయి. కంప్రెషన్ 12.5:1. పలుచని మిశ్రమంతో (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) నడిచే ఇంజను, ఇగ్నిషన్ టైమింగ్ తప్పితే వెంటనే వేడెక్కుతుంది. మీది లూకాస్ ఇగ్నిషన్. దాని అడ్వాన్స్ యంత్రాంగం (ఇంజను వేగం పెరిగేకొద్దీ స్పార్కును ముందుకు జరిపేది) నూనె ఎండిపోయి బిగుసుకుపోవడం మామూలే. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి, లోపల తిరిగే రోటర్ ఆర్మ్‌ను చేత్తో కొద్దిగా తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. రాకపోతే స్పార్కు ఆలస్యంగా పడుతోంది, ఆ వేడంతా ఎగ్జాస్ట్‌లోకీ హెడ్లలోకీ పోతోంది. రోటర్ కింద చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది, దాని మీద నాలుగు చుక్కల నూనె వేయాలి.

ముల్లు ఎరుపు దగ్గరకు పోతుంటే ‘ఇల్లు దగ్గరే కదా’ అని నడపకండి. హెడ్లు అల్యూమినియంవి. అతిగా వేడెక్కితే వాటిలో బిగించిన వాల్వు సీట్లు ఊడిపోతాయి. ముల్లుకు సమాచారమిచ్చే సెన్సర్ ఒక వరసలోనే ఉంటుంది. రెండో వరస అంతకంటే వేడిగా ఉన్నా మీకు తెలియదు.

జవాబు (లెస్టర్ నుంచి)

ఇంత శ్రమ ఎందుకండీ? పెద్ద ఫ్యాన్ తీసేసి రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టించుకుంటే సరిపోతుంది కదా. నేను అదే చేయించాను, ఇప్పటివరకూ ఇబ్బంది లేదు.

జవాబు (కోవెంట్రీ నుంచి)

మీ బండిలో పనిచేస్తున్నందుకు సంతోషం. కానీ కారణం తెలియకుండా ఫ్యాన్లు మార్చడాన్ని నేను ఒప్పుకోలేను. అడ్వాన్స్ బిగుసుకుపోయి ఉంటే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా హెడ్లు మాడుతూనే ఉంటాయి, ముల్లు మాత్రం ఆ సంగతి దాచేస్తుంది. వాల్టర్ హాసన్, హ్యారీ మండీ వంటి వాళ్లు రూపొందించిన ఇంజను ఇది. 1971లో జాగ్వార్ ఈ-టైప్ కారుతో మొదలై పాతికేళ్లు తయారైంది. వేడెక్కే ఇంజనన్న చెడ్డపేరు దీనికి అన్యాయంగా వచ్చింది. పుట్టినప్పుడు ఉన్నట్టు ఉంచితే వేసవి ట్రాఫిక్‌లో కూడా నిలబడుతుంది.

ప్రశ్న అడిగినవారు

గొట్టాలన్నీ మార్పించాను, వాసన పోయింది. మీరన్నట్టే సందులో చెత్త గుప్పెళ్లకొద్దీ వచ్చింది. రోటర్ అసలు కదలలేదు. డిస్ట్రిబ్యూటర్ విప్పించి శుభ్రం చేయించి నూనె వేయించాను. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ముల్లు కొంచెం పెరిగి ఆగిపోతోంది. రేడియేటర్ అలాగే ఉంచాను. కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఖాళీ చేసి కొత్తది పోయాలనుకుంటున్నాను, జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

జవాబు (కోవెంట్రీ నుంచి)

చాలా సంతోషమండీ. మొత్తం సుమారు 21 లీటర్లు పడుతుంది. ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా బండి నిలపండి, హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టండి. ఇంజను ముందుభాగంలో అడ్డంగా ఉండే గొట్టానికి ఒక మూత ఉంటుంది, అక్కడి నుంచే నెమ్మదిగా పోయండి. బుడగలు ఆగేదాకా తొందరపడొద్దు. ఇంజను ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మూత తీసి మళ్లీ చూడండి, ఇంకొంచెం తీసుకుంటుంది.